తొంభై ఆరు పాయింట్ల తాయారు

జిల్లా మంచినీటి బోర్డు చిహ్నంలో బిందె మోసే మహిళ అరవై ఏళ్ళు నిండి పదవీ విరమణ చేయడంతో, ఖాళీ అయిన ఆ పోస్టులో పంపన మంగతాయారును నియమిస్తూ జూన్ మూడో తారీఖున ఉత్తర్వులు వచ్చాయి. పాతావిడకు శాలువా కప్పి, దండ వేసి, బిందె తిరిగి తీసుకుని పంపించారు. కొత్త ఎంపికలో అన్యాయం ఏమీ జరగలేదు. తాయారు అదే ఆఫీసులో పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద మంచినీళ్ళు పోసే మనిషి. బిందె మోయడం అలవాటే, పొద్దస్తమానం నిలబడడమూ అలవాటే. ఎవరైనా పిలిస్తే తప్ప మాట్లాడదు కూడాను. పైగా ఆ బోర్డు మొత్తంలో పర్మినెంటు ఖాళీ అదొక్కటే ఉంది.

ఆమె భర్త నూకరాజు అదే ఆఫీసు ముద్రణ విభాగంలో కంపోజిటరు. సర్క్యులర్లు, నోటీసులు, రసీదు పుస్తకాలు, బోర్డు పేరుతో బయటికి వెళ్ళే ప్రతి కాగితమూ కంప్యూటర్లో కూర్చేది అతనే. భార్య నియామకపు ఉత్తర్వు కూడా అతని చేతుల మీదుగానే వెళ్ళింది. ఆమె పేరులో తప్పు పడకూడదని రెండుసార్లు కొట్టేసి మళ్ళీ కొట్టాడు. సాయంత్రం కాజాలు తెప్పించి అందరి బల్లల దగ్గరకీ తనే తిరిగి పంచాడు.

"పదకొండేళ్ళకి పర్మినెంటయ్యిందండి మా ఆవిడ, ఆయ్" అన్నాడు, అడిగిన వాళ్ళతోనూ అడగని వాళ్ళతోనూ.

డ్యూటీ పదింటి నుంచి ఐదింటి దాకా. తాయారు పొద్దున్నే హాజరు పుస్తకంలో సంతకం పెట్టి, స్టోర్సులో బిందె తీసుకుని, నీళ్ళు నింపుకుని, నూకరాజు కంప్యూటరు తెరలోంచి చిహ్నంలోని గుండ్రంలోకి ఎక్కేది. ఎడమ చెయ్యి నడుం మీద, కుడి చెయ్యి బిందె మీద. ఐదు కాగానే దిగి, బిందె అప్పజెప్పి, మొగుడి సైకిలు వెనకాల కూర్చుని ఇంటికి పోయేది. ఐదు దాటాక తయారైన ఉత్తరాల్లో గుండ్రం ఖాళీగా ఉండేది. పాతావిడ హయాంలోనూ అంతే కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

చిక్కు సబ్ ఆఫీసుల దగ్గర వచ్చింది. చిహ్నం అప్పటికింకా ఒక బొమ్మ. సబ్ ఆఫీసు గుమాస్తాలు ఎవరి ఉత్తరం మీద వాళ్ళు ఆ బొమ్మను అతికించుకునేవారు. జాగా ఎక్కువుంటే అడ్డంగా లాగేవారు, తక్కువుంటే నిలువుగా లాగేవారు. అలా లాగిన రోజున తాయారు అలాగే ఇంటికి వచ్చేది. ఒకసారి బాగా అడ్డంగా సాగి, గుమ్మంలోంచి పక్కకి తిరిగి రావలసి వచ్చింది. ఇంకోసారి ఫ్యానుకి తల తగులుతుందని నూకరాజు ఫ్యాను ఆపేశాడు. జిరాక్సుకి జిరాక్సు తీసిన రోజున ముఖమంతా మసకబారి, కాఫీ తాగితే గాని మనిషి పోలికలు తెలిసేవి కావు. తెల్లారేసరికి మామూలు అయిపోయేది, అది నిజమే. కానీ ఆ రాత్రంతా మూలుగుతూనే ఉండేది.

"నడుం లాగేస్తంది మావా. ఎవడో గానీ మూల పట్టుకుని లాగుతున్నాడు" అనేది.

నూకరాజు నువ్వులనూనె వెచ్చజేసి మర్దనా చేసేవాడు. మర్దనా చేస్తూ చేస్తూ ఆలోచించాడు. బొమ్మ అన్నాక ఎవడైనా లాగుతాడు, అక్షరాన్ని ఎవడూ లాగడు. చిహ్నాన్నే ఒక అక్షరంగా మార్చి, దానికోసం ఒక ఫాంటు తయారుచేసి, కీబోర్డు మీద ఒక కీకి కట్టేస్తే సరిపోతుంది. కీ నొక్కితే తాయారు పడుతుంది. పెద్దగా కావాలంటే పాయింట్లు పెంచుకుంటారు, చిన్నగా కావాలంటే తగ్గించుకుంటారు. పొడుగూ వెడల్పూ కలిసే పెరిగి కలిసే తగ్గుతాయి. నడుం జోలికి ఎవరూ పోరు.

ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషికి అదేం పెద్ద పని కాదు. ఒక ఆదివారం భార్యను పెరట్లో బిందెతో నిలబెట్టి ఫొటో తీసి, దాని చుట్టూ చుక్కలు పెట్టుకుంటూ, చుక్క నుంచి చుక్కకి వంపులు కలుపుకుంటూ వచ్చాడు. మోచేతి వంపుకి ఆరు చుక్కలు పట్టాయి. మెడ దగ్గర మాత్రం బాగా ఆలస్యమైంది, పనివల్ల కాదు. గడ్డం కింద ఎడమ పక్కన ఆమెకొక పుట్టుమచ్చ ఉంది. సన్న సైజులో అలాంటివి సిరా పేరుకుని మరకలా కనిపిస్తాయి, తీసేయడమే వృత్తిధర్మం. తీసేశాడు. ఇంటికొచ్చాక మచ్చ ఎలాగూ ఉంటుంది కదా అనుకున్నాడు.

చివర్లో కంప్యూటరు ఒక ప్రశ్న అడిగింది. ఈ ఫాంటు పత్రాల వెంట వెళ్ళవచ్చునా? కాదంటే, ఫాంటు లేని చోట ఉత్తరం తెరిచినప్పుడు చిహ్నం ఉండాల్సిన జాగాలో ఖాళీ డబ్బా కనిపిస్తుంది. తన భార్య ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా. నూకరాజు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా వెళ్ళవచ్చునని టిక్కు పెట్టాడు.

బోర్డువారు సంతోషించారు. ఆగస్టు ఎనిమిదో తారీఖున, హెడ్డాఫీసూ సబ్ ఆఫీసులూ కలిపి నలభై ఆరు కంప్యూటర్లలో ఫాంటు ఎక్కించారు. ఆ సాయంత్రం ఐదయింది. నూకరాజు సైకిలు తుడిచి, స్టాండు తీసి, మళ్ళీ వేసి లోపలికొచ్చాడు. ఐదున్నర అయింది. తాయారు దిగలేదు. సూపరింటెండెంటు వేగుళ్ళ సోమసుందరంగారు సంచీ సర్దుకుంటున్నారు.

"సార్, మా ఆవిడ ఇంకా దిగలేదండి."

"దిగదయ్యా. ఇదివరకు ఒక బొమ్మ, ఒక మనిషి. ఇప్పుడు నలభై ఆరు చోట్ల ఉంది. ఏ ఆఫీసులో తెరిచి ఉంటే ఆ ఆఫీసులో డ్యూటీ చేస్తున్నట్టే లెక్క. అన్నీ ఒకేసారి మూతపడితే గాని రిలీవ్ కాదు."

"ఆదివారం మూసే ఉంటాయి కదండి."

"కాయితాల వెంట వెళ్ళొచ్చని టిక్కు పెట్టింది నువ్వే కదా. ఆదివారం పూట ఎవడో ఒకడు ఫోన్లో మన సర్క్యులర్ తెరుచుకుని కూర్చుంటాడు. అక్కడా ఆవిడే ఉండాలి మరి." సంచీ భుజాన వేసుకుంటూ ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు: "బ్రహ్మాండమైన పని చేశావయ్యా నూకరాజూ. ఒక్క ఉత్తరంలోనూ వంకర లేదు."

నూకరాజు సైకిలు తొక్కుకుంటూ ఒక్కడే ఇంటికి వెళ్ళాడు. వెనక సీటు తేలికగా ఉండి, మలుపు దగ్గర సైకిలు తూలింది.

పంద్రాగస్టు నాడు అతనికి ప్రశంసాపత్రం ఇచ్చారు. అది కూడా అతనే కూర్చుకోవలసి వచ్చింది. పైన మధ్యలో పద్నాలుగు పాయింట్లలో తాయారు, కింద అతని సేవలను మెచ్చుకుంటూ నాలుగు వాక్యాలు. పటం కట్టించి వీధి గదిలో వేలాడదీశాడు. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికెళ్ళి చూస్తే బిందె తెలుస్తుంది గాని ముఖం తెలియదు.

నూకరాజు బెంగ పెట్టుకున్నాడు. ఆమె చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. ఊడ్చినప్పుడల్లా వాటిని ఎత్తి, ఊడ్చి, మళ్ళీ అక్కడే పెట్టేవాడు. అన్నం ఇద్దరికీ సరిపడా ఎసరు పెట్టి, ఉడికాక గుర్తొచ్చి, మర్నాటికి చద్దన్నం తినేవాడు. ఇన్నేళ్ళూ ఆమె పెద్దగా మాట్లాడే మనిషి కాదు, ఇంట్లో ఉన్నా అలికిడి ఉండేది కాదు. ఇప్పుడు లేని అలికిడే చెవుల్లో మోగుతోంది. ఆమె కోసం చేసిన పనే ఆమెను తీసుకుపోయిందన్న సంగతి ముద్ద కలిపినప్పుడల్లా గుర్తొచ్చేది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక, తలుపు దగ్గరగా వేసి, కొత్త పేజీ తెరిచి ఆ కీ నొక్కాడు. పద్నాలుగు పాయింట్ల తాయారు పడింది. నలభై చేశాడు. డెబ్బై రెండు దాటేసరికి ఊపిరి, సన్నగా గొంతూ వినిపించాయి. మూడు వందలు చేశాడు.

"ఏటి మావా, సిక్కిపోయావ్" అంది తాయారు తెరమీద నిండుగా నిలబడి.

"వంట నేనే సేసుకుంటన్నాను కదా."

"సింతపండు కుండ అటక మీదుంది. ఎండలో పెట్టకపోతే పురుగట్టుద్ది."

"పెడతాలే. నడుం లాగుతుందా?"

"లేదు, అదొక్కటీ సుఖంగా ఉంది. బిందె దింపటానికే కుదరటం లేదు." కొంచెంసేపు అతన్నే చూసింది. "నా మచ్చేది మావా?"

"ఏ మచ్చ?"

"నీ కళ్ళజోడులో నా మొఖం కనపడతంది. గడ్డం కింద మచ్చ లేదు. తడిమి సూసుకుందామంటే సెయ్యి నడుం మీంచి రావటం లేదు."

సన్న సైజులో సిరా పేరుకుంటుందని చెప్పాడు. అందరూ తీసేస్తారని కూడా చెప్పాడు. భోజనాల గంట అయ్యేముందు తాయారు, "అడిగితే బాగుండేది" అంది.

ఆ తరవాత రోజూ అదే సమయానికి మూడు వందల పాయింట్లలో కలుసుకున్నారు. నూకరాజు క్యారేజీ తెర ముందు పెట్టుకుని తినేవాడు, ఆమె కూర రంగు చూసి ఉప్పు సంగతి చెప్పేది. ఆ అరగంట కోసమే తక్కిన రోజంతా గడిపేవాడు. అలా నెలన్నర సాగింది. నవంబరులో ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ వారు, మధ్యాహ్నం వేళ చిహ్నం గొంతు గోడ ఇవతలికి వినిపించి కునుకుకు భంగం కలుగుతోందని కాగితం పెట్టారు. దాని మీద మెమో వచ్చింది. చిహ్నమును నలభై ఎనిమిది పాయింట్లకు మించి వాడరాదు. గోడలకు అంటించు బహిరంగ నోటీసులలో మాత్రము తొంభై ఆరు పాయింట్ల వరకు అనుమతించడమైనది. ఈ మెమోను కూర్చింది కూడా నూకరాజే. నలభై ఎనిమిది పాయింట్లలో ఆమె పెదవులు కదులుతున్నట్టు కనిపిస్తాయి, మాట మాత్రం వినపడదు.

ఇక ఊరుకోలేక ఫాంటును ఉపసంహరించమని అర్జీ పెట్టుకున్నాడు. అర్జీలో సహేతుకమైన కారణాలున్నాయని ఆఫీసు ఒప్పుకుంది. ఉపసంహరణ ఉత్తర్వు తయారైంది. ఉత్తర్వు మీద చిహ్నం లేకపోతే చెల్లదు కాబట్టి తాయారు పైన నిలబడవలసి వచ్చింది. నలభై ఆరు కంప్యూటర్లలో ఆ ఉత్తర్వు తెరిచారు. తెరవగానే ఆమె నలభై ఆరు చోట్ల డ్యూటీలో ఉంది. డ్యూటీలో ఉన్న మనిషిని తొలగించడం కుదరదని అన్ని ఆఫీసులూ జవాబు రాశాయి, ఆ జవాబుల మీదా ఆమే ఉంది. గుండ్రం ఖాళీగా పెట్టి రెండో ఉత్తర్వు పంపారు. చిహ్నం లేనందున ఇది మన బోర్డు ఉత్తర్వుగా గుర్తించలేకపోతున్నామని మర్యాదగా తిప్పి పంపారు. తెరవకుండా ఒక ఉత్తర్వును ఎలా అమలు చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. నూకరాజు తల ప్రాణం తోకకొచ్చింది.

డిస్పాచ్ చూసే రజియా బేగం ఈ ఉత్తరాలన్నీ నంబర్లు వేసి పంపిన మనిషి. తాయారు తెచ్చిన నీళ్ళే పదకొండేళ్ళు తాగింది. ఒకరోజు టీ తాగుతున్న నూకరాజు పక్కన కూర్చుంది.

"అన్నయ్యా, వదిన్ని బయటికి రప్పించే పని కాదిది. నువ్వే లోపలికెళ్ళు. భార్యాభర్తల బదిలీ కింద పెట్టుకో."

"ఇద్దరికీ ఒకే స్టేషన్ ఇస్తారే, అదా?"

"అదే. మాకూ ఇచ్చారు గదా. మా ఆయన బడి జిల్లా ఆ చివర, నా ఆఫీసు ఈ చివర. రెండో శనివారం వస్తారు, ఆదివారం మధ్యాహ్నం బస్సుకి పోతారు. కాయితాల ప్రకారం జిల్లా అంతా ఒకే స్టేషను, ఇద్దరం ఒకే చోటున్నాం. తొమ్మిదేళ్ళయింది." ఆ మాట చెప్పేటప్పుడు రజియా ముఖంలో ఫిర్యాదేమీ లేదు. టీ గ్లాసు కడిగి బోర్లించి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

సోమసుందరంగారు రూల్సు పుస్తకం తిరగేశారు. "స్టేషన్ అంటే నియామక స్థలం. ఆవిడ నియామక స్థలం ఫాంటు. ఫాంటులో ఖాళీ ఉంటే నీ కేసు నడుస్తుంది." ఫాంటులో ఖాళీ ఉంది. నీటి సరఫరా నిలుపుదల గుర్తు అనే పోస్టును ఫాంటు వచ్చాక మంజూరు చేశారు గాని భర్తీ చెయ్యలేదు. నీళ్ళు రాని రోజున గోడలకంటించే నోటీసు కింద, చదువురాని వాళ్ళకు కూడా తెలిసేలా, ఖాళీ బక్కెట్టుతో ఒక మనిషి ఉండాలి. "ఒకే స్టేషన్ అన్నారు గాని ఒకే కీ అనలేదు, ఆ సంగతి మనసులో పెట్టుకో. ఫాంటులో ఆవిడ గడి ఆవిడది, నీ గడి నీది" అని కూడా హెచ్చరించారు.

నూకరాజు ఆ మాట వినిపించుకోలేదు. అతను నోటీసు గురించి ఆలోచిస్తున్నాడు. బహిరంగ నోటీసు, పెద్ద కాగితం. పైన చిహ్నం, కింద గుర్తు. రెండూ తొంభై ఆరు పాయింట్లు. డెబ్బై రెండు దాటితే మాట వినిపిస్తుంది. అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

కంపోజింగు పని అదనపు బాధ్యతగా రజియాకు అప్పగించారు. మూడు వారాలు దగ్గర కూర్చుని నేర్పాడు. ఏ కీ నొక్కితే తాయారు, ఏ కీ నొక్కితే తను, ఎన్ని పాయింట్లు, మధ్యలో ఎంత జాగా. మిగిలిన సమయంలో తనను తాను గీసుకున్నాడు. కళ్ళజోడుతో సహా గీసుకున్నాడు. చూపు పైకి ఉండేలా మెడ ఎత్తాడు. మాట్లాడేందుకే వెళ్తున్నాడు కాబట్టి నోటి దగ్గర శ్రద్ధ పెట్టాడు, ఉన్న చుక్కల్లో మూడోవంతు నోటికే అయిపోయాయి. అంతా అయ్యాక, ఎవరినీ అడగకుండా, తాయారు గడి తెరిచి గడ్డం కింద ఎడమ పక్కన మచ్చ తిరిగి పెట్టాడు.

మార్చి ఒకటో తారీఖున, చింతపండు కుండ ఇంకా అటక మీదే ఉండగా, ఇంటికి తాళం వేసి, తాళంచెవి రజియాకిచ్చి, స్టోర్సులో బక్కెట్టు తీసుకుని జాయినయ్యాడు.

ఫాంటు లోపల గది అంటూ ఏమీ లేదు. ఎవరి గడి వారిది. పక్క గడిలోనే తాయారు ఉందని అతనికి తెలుసు, కాగితాల ప్రకారం అదే స్టేషను. కానీ కీ నొక్కితేనే వెలుతురు. ఆమె కీని రోజంతా నొక్కుతూనే ఉన్నారు, ఆమె వెలుతురు గోడ అవతల వెలిగి ఆరుతూ ఉండడం అతనికి తెలుస్తోంది. అతని కీని ఎవరూ నొక్కలేదు. బక్కెట్టు పట్టుకుని, నోరు సిద్ధంగా పెట్టుకుని, పంతొమ్మిది రోజులు చీకట్లో నిలబడ్డాడు. కాలవ శివారు ఊరు కదా, నీళ్ళు ఆగకుండా ఎన్నాళ్ళుంటాయిలే అని తనకు తనే ధైర్యం చెప్పుకున్నాడు.

ఇరవయ్యో తారీఖున మోటారు కాలింది. రేవు వీధి కుళాయి పక్క గోడకు నోటీసు అంటించారు. నూకరాజు కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఎండ, వీధి, మేకలు. మెడ ఎత్తి గీసుకున్నాడు కాబట్టి నేరుగా పైకి చూశాడు. అరచేతి మందం అక్షరాల అవతల, గుండ్రంలో తాయారు.

"తలుపు గడియ పెట్టే వచ్చావా?" అంది.

"తాళం ఏశాను. సెవి రజియమ్మకిచ్చాను."

"నువ్వు కూడా వచ్చేస్తే ఇంక ఇల్లెవరు సూస్తారు మావా?" అంది గాని, గొంతులో కోపం లేదు. కాసేపటికి ఆమె చూపు అతని కళ్ళజోడు మీద ఆగింది. అద్దంలో తన ముఖం చూసుకుంది. "వచ్చిందే" అంది మెల్లగా. నూకరాజుకి కళ్ళు చెమర్చాయి, ఆ చెమ్మ గీత వెంట జారలేదు, అక్కడే ఉండిపోయింది.

సాయంత్రానికి మోటారు బాగయింది, నోటీసు చింపేశారు. మధ్యలో ఉన్న మాట మధ్యలోనే తెగిపోయింది.

చిహ్నం గడ్డం కింద మరక పడుతోందని ఆరు సబ్ ఆఫీసులు రాశాయి. అది మరక కాదని, చిహ్నంలో భాగమని రజియా జవాబిచ్చింది. ఆ మొదటి నోటీసు చింపేముందు రజియా గోడ దగ్గరికి వచ్చి వాళ్ళిద్దరినీ చూసింది. ఆమె ఇల్లు కూడా రేవు వీధిలోనే. పైన ఒకరు, కింద ఒకరు, మాట్లాడుకుంటున్నారు. తొమ్మిదేళ్ళుగా రెండో శనివారాలు లెక్కపెట్టుకునే మనిషికి అంతకంటే చెప్పనక్కర్లేదు.

మరుసటి వారం ఏ మోటారూ కాలలేదు. అయినా నోటీసు వచ్చింది, నిర్వహణ కారణముల వలన అని. సోమసుందరంగారు ఫైల్లో వచ్చిన కాగితం మీద సంతకం పెట్టారు, ఆయన పని అది. వాల్వు చూసే మనిషి గోడ మీద నోటీసు చదివి, నోటీసు ఉండగా నీళ్ళు వదలడం పద్ధతి కాదని వాల్వు కట్టేశాడు. వీధివాళ్ళు ఎండాకాలం కదా అనుకున్నారు. ట్యాంకు నిండి పొంగిపోయింది, పొంగినందుకు వేరే ఫైలు తెరిచారు. ఏప్రిల్లో నోటీసు వారానికి రెండుసార్లయింది. తరవాత రోజు విడిచి రోజు. రజియా చెయ్యి తిరిగిన కొద్దీ నోటీసులోని మాటలు పొట్టివయ్యాయి, వాళ్ళిద్దరి మధ్య జాగా తగ్గింది. మే నెల వచ్చేసరికి నోటీసులో ఒక్కటే వరుస. చెయ్యి చాపగలిగితే అందేంత దూరం.

అంత ఆనందం నూకరాజు పెళ్ళయిన కొత్తలో కూడా ఎరగడు. పొద్దున్న వెలుతురు రాగానే ఆమె ముఖం. ఇంట్లో ఇన్నేళ్ళలో మాట్లాడుకోనన్ని మాటలు గోడమీద మాట్లాడుకున్నారు.

ఆ రోజు ఎండ మరీ ఎక్కువగా ఉంది. కుళాయి దగ్గర బిందెలు వీధి మలుపు దాకా వరుసగా ఉన్నాయి. తాయారు చాలాసేపు ఆ వరుసనే చూసింది.

"మావా, ఆ బిందెలన్నీ ఖాళీయే."

"ఊఁ."

"నాది నిండుగా ఉంది. ఒంపేద్దామంటే సెయ్యి కదలదు." ఆగి అంది, "రజియమ్మతో నువ్వు సెప్పొచ్చు కదా. నా మాట ఆ బిందెల మోతలో ఆవిడ దాకా పోదు. నువ్వు కిందున్నావ్, ఆవిడ సెవి దగ్గరే ఉంటావ్."

వరుసలో రజియా కూడా ఉంది. చెరో చేతిలో ఒక ప్లాస్టిక్ బిందె. కొంగుతో ముఖం తుడుచుకుంటూ నోటీసు దగ్గరికొచ్చి ఆగింది. ఆమె పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. నూకరాజు అంత దగ్గరగా చూశాడు.

"బాగున్నారా అన్నయ్యా?"

ఇక చాలమ్మా, అనాలి. రెండు మాటలు. ఉన్న చుక్కల్లో మూడోవంతు పెట్టి గీసుకున్న నోరు ఉంది. దాన్ని తెరిచాడు.

"బాగున్నామమ్మా" అన్నాడు.

"రేపటి నోటీసు కూడా వేసేశాను" అంది రజియా. వాల్వు వైపు ఒకసారి చూసి, బిందెలు రెండూ ఒక చేతిలోకి మార్చుకుని, ఇంటివైపు నడిచింది. ఆమె వెనకాల వరుస కదిలింది. రాదంటలే, ఎండాకాలం కదా, అనుకుంటూ ఎవరి బిందె వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. ఎవరూ గొడవ చెయ్యలేదు.

వీధి ఖాళీ అయ్యాక, తాయారు ఏమనబోతోందోనని నూకరాజు మెడ ఎత్తి చూస్తూ ఉన్నాడు.

"ఆ సింతపండు ఎండలో పెట్టావా?" అని అడిగింది చివరికి.

"పెట్టాను" అన్నాడు నూకరాజు.